ఆగిన ఆకాశం, ఆగని ఖర్చు

2020 మార్చి 24, రాత్రి 11 గంటల 59 నిమిషాలు. కరోనా కారణంగా ఆ నిమిషంతో దేశంలో ప్రయాణికుల విమానాలన్నీ నేల మీదే నిలిచిపోయాయి. విదేశాల నుంచి వచ్చే విమానాలు అంతకు రెండు రోజుల ముందే ఆగాయి.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అప్పటికి ప్రయాణికుల విమానాలు దిగే చోటు ఒక్కటీ లేదు. మనవాళ్లకు విమానమంటే విశాఖే. ఇచ్ఛాపురం వైపువాళ్లు కొందరు భువనేశ్వర్ వెళ్తారు. అయినా ఆ రాత్రి దెబ్బ ఉద్దానం పల్లెల దాకా తగిలింది. సోంపేట, కవిటి, కంచిలి మండలాల్లో కొడుకో అల్లుడో గల్ఫ్‌లో వెల్డరుగానో ఫిట్టరుగానో పనిచేస్తున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఓడల మీద పనిచేసేవాళ్లూ తక్కువేం లేరు. వీళ్లందరికీ విమానం పనిలోకి తీసుకెళ్లే బండి. ఆ బండి ఆగితే జీతం ఆగుతుంది, ఇంటికి రావడమూ ఆగుతుంది.

ఇప్పుడు భోగాపురంలో మనకంటూ ఒక విమానాశ్రయం లేచింది. అందుకే ఆ రోజులను ఒకసారి నెమ్మదిగా అర్థం చేసుకోవాలి. విమానాల వ్యవస్థ ఎలా నడుస్తుంది? ఆగితే ఏమవుతుంది? ఆగినప్పుడు ఆ నష్టం ఎవరి నెత్తిన పడింది?

తుఫాను వేరు, మహమ్మారి వేరు

విశాఖ విమానాశ్రయం ఆగడం అదే మొదటిసారి కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటింది. టెర్మినల్ పైకప్పు దెబ్బతింది. విమానాలు ఆగాయి. అయితే కొద్ది రోజుల్లోనే మళ్లీ మొదలయ్యాయి. ఎందుకంటే అప్పుడు దెబ్బతిన్నది భవనం. ఎక్కాల్సిన ప్రయాణికులు అలాగే ఉన్నారు. మిగతా దేశంలో విమానాలు తిరుగుతూనే ఉన్నాయి. అక్కడి నుంచి సాయం వచ్చింది.

మహమ్మారి దీనికి తలకిందులు. 2020లో విశాఖ భవనానికి ఏమీ కాలేదు. రన్‌వే బాగుంది. విమానాలూ బాగున్నాయి. ప్రయాణికులే లేరు. పైగా ఒక్క విశాఖలోనే కాదు, ప్రపంచమంతటా అదే స్థితి. ఒకచోట పోయింది మరోచోట రాబట్టుకునే వీలు ఎవరికీ లేదు. 2020లో ప్రపంచ విమాన ప్రయాణం అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 66 శాతం పడిపోయింది. మన దేశంలో 2019లో 14.4 కోట్ల మంది దేశీయ విమానాలెక్కితే, 2020లో ఎక్కింది 6.3 కోట్ల మంది.

రోగం దారి, విమానం దారి

విమానాలు ఎందుకు ఆపాల్సి వచ్చింది? విమానాశ్రయాల్లో జ్వరం చూస్తే సరిపోయేది కదా అని అప్పట్లో చాలామంది అడిగారు. సరిపోదు. కరోనా సోకిన మనిషిలో లక్షణాలు బయటపడటానికి కొన్ని రోజులు పడుతుంది. ఒక్కోసారి 14 రోజులూ పట్టవచ్చు. గల్ఫ్ నుంచి విశాఖకు విమానంలో వచ్చేది కొన్ని గంటల్లోనే. నుదుటి మీద థర్మామీటరు పెట్టినప్పుడు ఆ మనిషికి జ్వరం ఉండకపోవచ్చు. రోగం మాత్రం దిగిపోతుంది.

మన మ్యాపులో ఇది స్పష్టంగా కనిపించింది. విశాఖలో తొలి కేసు 2020 మార్చి 19న బయటపడింది. అది విదేశం నుంచి వచ్చిన ప్రయాణికుడిది. శ్రీకాకుళం జిల్లాలో తొలి మూడు కేసులు పాతపట్నం ప్రాంతంలో ఏప్రిల్ 25న గాని తేలలేదు. అప్పటి 13 జిల్లాల్లో అన్నిటికంటే చివరిదాకా కేసు లేని జిల్లా విజయనగరం. అక్కడ మే మొదటి వారం దాకా ఒక్కటీ నమోదు కాలేదు. రోగం ముందు విమానాలు దిగే ఊళ్లకు వస్తుంది. అక్కడి నుంచి రైలులో, రోడ్డు మీద చిన్న ఊళ్లకు చేరుతుంది. విమానాలు ఆపడం వల్ల రోగం పూర్తిగా ఆగదు. ఆసుపత్రులు సిద్ధం కావడానికి కొంత వ్యవధి దొరుకుతుంది. ఆ వ్యవధికి చెల్లించిన ధరే మన ఇప్పటి విషయం.

ఆకాశంలో కూడా దారులుంటాయి

విమానం ఆకాశంలో ఇష్టమొచ్చినట్టు ఎగరదు. దానికి దారులున్నాయి, ఎత్తులున్నాయి, కాపలా ఉంది. ఆ కాపలానే ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) అంటారు.

ఇది మూడు అంచెల్లో జరుగుతుంది. మొదటిది టవర్. రన్‌వే మీద, దాని చుట్టుపక్కల ఉన్న విమానాలను కంటితో చూస్తూ నడిపిస్తుంది. రెండోది అప్రోచ్. దిగబోయే విమానాలను ఒకదాని వెనుక ఒకటి వరుసలో పెడుతుంది. మూడోది ఏరియా కంట్రోల్. పై ఎత్తుల్లో దూరాలు పోయే విమానాలను రాడార్ మీద చూసుకుంటుంది. బంగాళాఖాతం మీది గగనతలాన్ని చెన్నై, కోల్‌కతా కేంద్రాలు పంచుకుని కాపు కాస్తాయి. పై ఎత్తుల్లో ఒకదాని మీదుగా ఒకటి పోయే రెండు విమానాల మధ్య కనీసం వెయ్యి అడుగులు, అంటే 300 మీటర్లు, ఎడం ఉండాలి. ఒకే ఎత్తులో ఉంటే కిలోమీటర్ల ఎడం ఉండాలి. ఆ ఎడాన్ని కాపాడటమే కంట్రోలర్ ఉద్యోగం.

కంట్రోలర్ బల్ల దగ్గరకు వెళ్లి చూద్దాం. ప్రతి విమానానికీ ఒక స్ట్రిప్ ఉంటుంది. అది వేలెడు వెడల్పున్న చీటీ. కొన్నిచోట్ల కాగితం, కొన్నిచోట్ల కంప్యూటరు తెర. విమానం పేరు, ఎత్తు, ఏ చోటికి ఏ నిమిషానికి చేరుతుందన్న లెక్క అందులో ఉంటాయి. రద్దీ వేళ ఆ చీటీలు ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. 2020 ఏప్రిల్‌లో చాలా గంటలపాటు ఒకటో రెండో మిగిలాయి. అయినా బల్ల ముందు మనిషి ఉన్నాడు. హెడ్‌సెట్ తుడుచుకుని పెట్టుకున్నాడు.

ఎందుకు ఉండాలి? ఆకాశం పూర్తిగా ఖాళీ కాలేదు కాబట్టి. సరుకు విమానాలు నడిచాయి. మార్చి 26 నుంచి లైఫ్‌లైన్ ఉడాన్ పేరుతో మందులు, కిట్లు, మాస్కులు దేశమంతా తిరిగాయి. సైనిక విమానాలు ఎగిరాయి. విశాఖలో ఈ చివరి మాటకు బరువు ఎక్కువ. అక్కడి రన్‌వే నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా అనే నౌకాదళ వైమానిక కేంద్రంలో అది భాగం. టవర్‌లో కూర్చునేది నౌకాదళ సిబ్బందే. ప్రయాణికుల టెర్మినల్‌ను మాత్రం ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా చూసుకుంటుంది.

ఒక్క విమానం వచ్చినా, వంద వచ్చినా రాడార్ తిరగాల్సిందే, షిఫ్టులు నడవాల్సిందే. ఖర్చు తగ్గదు. ఆదాయం మాత్రం విమానాల లెక్కన వస్తుంది. మన గగనతలంలో పోయే విమానాలు నావిగేషన్ రుసుము (దారి చూపినందుకు కట్టే సుంకం) చెల్లిస్తాయి. విమానాలు లేకపోతే ఆ సుంకమూ లేదు.

దీనికి తోడు జబ్బు భయం. కంట్రోలర్ ఇంటి నుంచి పనిచేయలేడు. లైసెన్సున్న మనిషి రాత్రికి రాత్రి తయారు కాడు. 2020 మార్చి 17న అమెరికాలోని షికాగో మిడ్‌వే విమానాశ్రయం టవర్‌లో సిబ్బందికి కరోనా సోకింది. టవర్‌నే మూసి శుభ్రం చేయాల్సి వచ్చింది. కాబట్టి ఇలాంటి చోట సిబ్బందిని ఒకరితో ఒకరు కలవని జట్లుగా విడగొట్టాలి. ఒక జట్టుకు జబ్బు చేస్తే మరో జట్టు పనిలో ఉంటుంది.

రద్దీ తగ్గితే ప్రమాదమూ తగ్గుతుందని అనుకుంటాం. అది పూర్తి నిజం కాదు. 2020 మే 22న పాకిస్తాన్‌లోని కరాచీలో ఒక విమానం చక్రాలు దించకుండానే రన్‌వేను తాకింది. మళ్లీ లేచి, ఇళ్ల మీద కూలింది. విమానంలోని 97 మంది చనిపోయారు. పైలట్లు కరోనా గురించి మాట్లాడుకుంటూ ధ్యాస తప్పారని ప్రాథమిక నివేదికను ప్రకటిస్తూ అక్కడి మంత్రి చెప్పారు. ఆకాశం ఖాళీగా ఉన్నా మనసు ఖాళీగా ఉండదు. అలవాటు తప్పిన చేయి తడబడుతుంది. అందుకే పైలట్ 90 రోజుల్లో కనీసం మూడుసార్లు విమానం లేపి, దించి ఉండాలన్న నిబంధన ఉంది.

ఆ ఖాళీ రోజుల్లో ఒక మంచి పనీ మొదలైంది. మన గగనతలంలో 60 శాతం మాత్రమే పౌర విమానాలకు స్వేచ్ఛగా దొరుకుతోందని, ఆంక్షలు సడలిస్తామని 2020 మే 16న ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ ప్రకటించారు. సైన్యం వాడుకోని వేళల్లో ఆ దారి పౌర విమానానికి ఇస్తే చుట్టు తిరగక్కర్లేదు. ఇంధనం మిగులుతుంది. ఏడాదికి దాదాపు వెయ్యి కోట్ల రూపాయల మేలని అంచనా.

ఖాళీ సీటు లెక్క

ఇక విమాన కంపెనీల సంగతి. పలాసలో జీడిపప్పు వ్యాపారి ధర లేకపోతే డబ్బాలు గోదాములో పెట్టి ఎదురు చూస్తాడు. విమాన కంపెనీకి ఆ వీలు లేదు. ఉదయం ఏడింటి విమానంలో ఖాళీగా పోయిన సీటును సాయంత్రం అమ్ముకోలేం. తలుపు మూసిన క్షణంలో దాని విలువ సున్నా.

ఖర్చులో రెండు రకాలున్నాయి. ఎగిరితేనే అయ్యేది ఒకటి. ఇంధనం, దిగినందుకు కట్టే రుసుము ఇందులోకి వస్తాయి. ఎగిరినా ఎగరకపోయినా అయ్యేది రెండోది. జీతాలు, బీమా, పార్కింగు, అన్నిటికంటే ముఖ్యంగా లీజు (విమానాన్ని కొనకుండా నెల అద్దెకు తీసుకోవడం). ఈ అద్దె చాలావరకు డాలర్లలో కట్టాలి. విమానం ఆగితే మొదటి రకం ఖర్చు ఆగుతుంది. రెండో రకం ఆగదు. రాబడి మాత్రం మొత్తం ఆగుతుంది.

ఆగిన విమానాన్ని వదిలేయడానికీ లేదు. ఇంజిన్ల నోళ్లకు కవర్లు కట్టాలి. పీటో గొట్టాలకు (వేగాన్ని కొలిచే సన్నని గొట్టాలు) తొడుగులు వేయాలి. లేదంటే పురుగులు దూరి గూడు కడతాయి. గొట్టం పూడితే పైలట్‌కు వేగం తప్పుగా కనిపిస్తుంది. బరువంతా ఒకేచోట పడకుండా టైర్లను అప్పుడప్పుడు తిప్పాలి. కొన్ని రోజులకొకసారి ఇంజిన్ నడిపి చూడాలి. మళ్లీ ఎగరాలంటే ఇవన్నీ విప్పి, ఒక్కొక్కటీ పరీక్షించాలి.

33 శాతం అంటే ఏమిటి?

దేశీయ విమానాలు 2020 మే 25న మళ్లీ మొదలయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒక రోజు ఆలస్యంగా 26న. మొదట 33 శాతమే అనుమతించారు. చాలామంది దీన్ని విమానంలో మూడో వంతు సీట్లని అనుకున్నారు. అది సీట్ల లెక్క కాదు, సర్వీసుల లెక్క. వంద సర్వీసులు నడిచేచోట 33 నడపవచ్చు. ఎగిరే విమానంలో సీట్లు మాత్రం నింపవచ్చు.

మధ్య సీటు వీలైనంతవరకు ఖాళీగా ఉంచాలని, కుదరకపోతే ఆ ప్రయాణికుడికి ఒళ్లంతా కప్పే గౌను ఇవ్వాలని జూన్ ఒకటిన డీజీసీఏ (విమానయానాన్ని పర్యవేక్షించే కేంద్ర సంస్థ) చెప్పింది. ఆ రోజుల్లో ప్రయాణం చేసినవాళ్లకు ఆ దృశ్యం గుర్తుండే ఉంటుంది. కిటికీ దగ్గర ఒకరు, నడవా పక్క ఒకరు ముఖానికి షీల్డుతో. నడుమ తెల్ల గౌనులో ఒకరు. తిండి లేదు, పేపరు లేదు, మాటా లేదు.

ఛార్జీలకూ ప్రభుత్వం హద్దులు పెట్టింది. ప్రయాణ సమయాన్ని బట్టి ఏడు తరగతులు చేసింది. 60 నుంచి 90 నిమిషాల ప్రయాణానికి కనిష్ఠం 3,000 రూపాయలు, గరిష్ఠం 9,000. గరిష్ఠం ఎందుకో అందరికీ తెలుసు. సర్వీసులు తక్కువ, అవసరం ఎక్కువ. హద్దు లేకపోతే టికెట్ ధర ఆకాశాన్నంటుతుంది. మరి కనిష్ఠం ఎందుకు? డబ్బున్న పెద్ద కంపెనీ ధర మరీ తగ్గించేస్తే చిన్న కంపెనీ తట్టుకోలేదు. పోటీదారు మూతపడితే రేపు ధర పెద్ద కంపెనీ చేతిలోకి పోతుంది. దాన్ని ఆపడానికే ఈ కింది హద్దు. సర్వీసుల పరిమితిని 2021 అక్టోబరులో పూర్తిగా ఎత్తేశారు. ఛార్జీల హద్దులు 2022 ఆగస్టు 31 దాకా ఉన్నాయి.

ఇంటికి చేరే దారి

గుజరాత్‌లోని వెరావల్‌లో వేటకు వెళ్లి చిక్కుకున్న మన జిల్లాల మత్స్యకారులు 2020 ఏప్రిల్ చివర్లో బస్సుల్లో బయల్దేరి ఊళ్లకు చేరారు. దారి వేల కిలోమీటర్లు ఉన్నా, నేల మీద బస్సు పెట్టే వీలుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు ఆ వీలు లేదు. వాళ్లు మే 7న మొదలైన వందే భారత్ మిషన్ విమానాల కోసం ఎదురు చూశారు.

ముందు రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. పని పోయినవాళ్లు, వీసా ముగిసినవాళ్లు, గర్భిణులు, వృద్ధులు ముందు వరుస. టికెట్ డబ్బు ప్రయాణికుడే పెట్టుకోవాలి. మే మూడో వారంలో అబుదాబి నుంచి, మనీలా నుంచి విశాఖకు ఇలాంటి విమానాలు వచ్చాయి. దిగినవాళ్లు నేరుగా ఇంటికి పోలేదు. క్వారంటైన్ కేంద్రాలకు వెళ్లారు. పని పోయి, నెలల జీతం రాని మనిషి టికెట్ ఖర్చు భరించి, ఊరి దగ్గర్లోనే రోజులు లెక్కపెట్టుకున్నాడు. మామూలు అంతర్జాతీయ సర్వీసులు 2022 మార్చి 27న గాని మొదలు కాలేదు. రెండేళ్లు పట్టింది.

రద్దయిన టికెట్ల డబ్బు సంగతి ఇంకొకటి. కంపెనీల దగ్గర నగదు లేదు. డబ్బు తిరిగి ఇవ్వడానికి బదులు క్రెడిట్ షెల్ (మరో ప్రయాణానికి వాడుకునేలా జమ చేసి ఉంచడం) ఇచ్చాయి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2020 అక్టోబరు 1న తీర్పు వచ్చింది. లాక్‌డౌన్‌లో, లాక్‌డౌన్ కాలపు ప్రయాణానికి కొన్న టికెట్ల డబ్బు వెంటనే ఇవ్వాలి. అంతకుముందు కొన్నవాటికి 15 రోజుల్లో ఇవ్వాలి. కంపెనీ ఇబ్బందుల్లో ఉంటే 2021 మార్చి 31 దాకా చెల్లే క్రెడిట్ షెల్ ఇవ్వవచ్చు. తీర్పు న్యాయంగానే ఉంది. కాని అది వచ్చేసరికి ఆరు నెలలు గడిచాయి. ఆ ఆరు నెలలు ప్రయాణికుడి డబ్బే కంపెనీకి వడ్డీ లేని అప్పయింది.

ఆక్సిజన్, టీకా

2021లో రెండో అల వచ్చినప్పుడు విమానం విలువా, దాని పరిమితీ కూడా తెలిశాయి. ఆ ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ నింపిన ట్యాంకర్లతో తొలి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ రైలు మహారాష్ట్రకు బయల్దేరింది. మరునాడు తెలంగాణ తన ఖాళీ ట్యాంకర్లను హైదరాబాద్ నుంచి భువనేశ్వర్‌కు వాయుసేన విమానంలో పంపింది. నింపినవి విమానంలో ఎందుకు తేలేదు? ద్రవ ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగి ఆవిరవుతుంది. మూసి ఉన్న విమానంలో ఆ ఆవిరి చేరితే చిన్న నిప్పురవ్వ చాలు. కాబట్టి వెళ్లేది గాలిలో, వచ్చేది నేల మీద. సగం దారి ఆదా అయినా ఒక రోజు కలిసొస్తుంది. ఆ రోజు విలువ ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు తెలుసు.

టీకా కూడా అలాగే వచ్చింది. 2021 జనవరి 12న పుణె నుంచి గన్నవరానికి విమానంలో, అక్కడి నుంచి శీతల వాహనాల్లో జిల్లాలకు. విమానాశ్రయం చివరి మజిలీ కాదు. దాని తర్వాత రోడ్డూ, చల్లని పెట్టే కూడా ఉండాలి.

ఎవరు మిగిలారు?

2020 జులైలో దేశంలో అతి పెద్ద కంపెనీ ఇండిగో తన సిబ్బందిలో పది శాతం మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అయినా నిలబడింది. 2023 నాటికి దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా దాని విమానాలే ఎక్కుతున్నారు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ట్రూజెట్ 2022 ఫిబ్రవరిలో ఆగిపోయింది. ఆ కంపెనీ మనకు ఎందుకు గుర్తుండాలంటే, ఉడాన్ (చిన్న ఊళ్లకు రాయితీతో విమానాలు నడిపే పథకం) కింద 2017 ఏప్రిల్ 27న మొదలైన తొలి సర్వీసుల్లో ట్రూజెట్ నడిపిన కడప - హైదరాబాద్ ఒకటి. ఆ పథకం వచ్చినప్పుడు పౌర విమానయాన మంత్రి విజయనగరానికి చెందిన అశోక్ గజపతిరాజు. పెద్ద కష్టం వచ్చినప్పుడు ముందు తెగేది చిన్న ఊరి దారే.

తీసేసిన మనుషుల్ని మళ్లీ తెచ్చుకోవడం ఇంకా కష్టం. 2022 వేసవిలో ప్రయాణికులు ఒక్కసారిగా తిరిగొచ్చారు. సిబ్బంది చాలక లండన్ హీత్రూ విమానాశ్రయం రోజుకు లక్ష మందికి మించి బయల్దేరకూడదని పరిమితి పెట్టుకుంది. రన్‌వే ఉంది, విమానముంది, డబ్బిచ్చే ప్రయాణికుడున్నాడు. సామాను ఎక్కించే మనిషి లేడు.

భోగాపురాన్ని అడగాల్సినవి

భోగాపురం విమానాశ్రయం నిర్మాణానికి జీఎంఆర్‌తో ఒప్పందం కుదిరింది ఎప్పుడో గమనించండి. 2020 జూన్‌లో, ఆకాశం దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు. 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు. రన్‌వే 3,800 మీటర్లు. తొలి దశలో ఏడాదికి 60 లక్షల మందికి సరిపోయేలా కట్టారు. 2024 జూన్ నుంచి పౌర విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడే. పదేళ్ల వ్యవధిలో ఈ రెండు జిల్లాల నుంచి ఇద్దరు ఈ శాఖ చూశారు. ఇంతకంటే దగ్గరగా అడిగే అవకాశం ఏ ప్రాంతానికి ఉంటుంది?

అడగాల్సినవి మూడు. ఒకటి, విమానాలు ఆగినప్పుడు టికెట్ డబ్బు ఎన్ని రోజుల్లో తిరిగి వస్తుందో ముందే రాసి పెట్టాలి. ప్రతిసారీ కోర్టు దాకా పోయే పని ఉండకూడదు. రెండు, కంట్రోలర్లు, అగ్నిమాపక సిబ్బంది, నిర్వహణ సిబ్బంది జీతాలకు ఒక నిధి ఉండాలి. విమానాలు నిండుగా తిరిగే ఏళ్లలో కొంత పక్కన పెడితే ఖాళీ నెలల్లో అక్కరకొస్తుంది. మూడు, విదేశాల నుంచి వచ్చే కూలీకి పరీక్ష, విడిగా ఉండే చోటు, ఊరికి చేర్చే బండి టెర్మినల్ ప్రణాళికలోనే ఉండాలి. ఇచ్ఛాపురం మనిషి భోగాపురంలో దిగాక ఇంకా చాలా దూరం పోవాలి.

ఉద్దానంలో తుఫాను షెల్టర్లు ఏడాదిలో చాలా రోజులు ఖాళీగానే ఉంటాయి. వాటికి సున్నం వేయిస్తాం, తాళాలు చూసుకుంటాం. తిత్లీ తుఫాను వచ్చిన రాత్రి వాటి అవసరం తెలిసింది కాబట్టి ఆ ఖర్చు దండగని ఎవరూ అనరు. విమాన వ్యవస్థలోనూ కొంత భాగం అలాంటిదే. ఖాళీగా ఉన్నప్పుడు కూడా సిద్ధంగా ఉంచాలి. ఆ ఖర్చు మొన్న రద్దయిన టికెట్ కొన్నవాడి మీద, ఉద్యోగం పోయినవాడి మీద, గల్ఫ్ నుంచి టికెట్ డబ్బు కట్టి వచ్చినవాడి మీద పడింది. ఈసారి అది ఎవరు మోయాలో, మొదటి ఏడాదే, విమానాలు నిండుగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి.